ఎవరూ భయపడని చాకు

జూన్ 3, సోమవారం

కోపం వచ్చినప్పుడు నోటితో అనకుండా కాగితం మీద అనమన్నాడు బీపీ డాక్టరు. నాకు కోపం లేదండీ, బీపీ ఒక్కటే ఉంది అన్నాను. ఆయన నవ్వి మందు మార్చి రాశాడు. హార్డ్‌వేరు షాపువాడు ఊరికే ఇచ్చిన డైరీ ఒకటి ఎప్పటినుంచో అలమరలో పడి ఉంది. ఇవాళ తీశాను. కోపం వచ్చి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉంటే మంచిదని.

జరిగింది ఇదీ. రిటైరైన టీచరమ్మ ఇంట్లో కర్టెన్ల పని. మూడో అంతస్తు. ఆవిడ ఒక్కతే ఉంటుంది. నేనూ బామ్మర్దీ పొద్దున్నే వెళ్ళాం. రాడ్లు బిగించడం అయింది. కర్టెన్ల కట్ట విప్పుదామని నడుము నుంచి చాకు తీశాను. పాత చాకే, పిడితో కలిపి జానెడుకు పైనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆవిడ మంచినీళ్ళ ట్రే పట్టుకుని వచ్చింది. నేను ఇటు తిరిగాను. అంతే, కెవ్వుమంది. ట్రే కింద పడింది, గ్లాసులు ముక్కలయ్యాయి.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాను. ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏం లేదమ్మా, మా బావ కట్ట కోస్తున్నాడు. మీరు కదలకండి, కాలికి గుచ్చుకుంటాయి" అని బామ్మర్ది చీపురు అడిగి ముక్కలన్నీ ఎత్తేశాడు. మా ఆవిడ తమ్ముడు వాడు. మా ఇంట్లోనే ఉంటాడు, నాతోనే పని. వెన్న పూసినట్టు మాట్లాడటం వాడికి బాగా తెలుసు.

సాయంత్రం ఫోను వచ్చింది. వాడి నంబరుకే. స్పీకరు పెట్టాడు. కిటికీ దగ్గర బల్ల మీద ఉండాల్సిన చేతి గడియారం కనబడటం లేదట. చనిపోయిన భర్తదట. "మిమ్మల్ని అనడం లేదు బాబూ, పని చేస్తూ ఎక్కడైనా చూశారేమోనని."

మిమ్మల్ని అనడం లేదు అంటే అన్నట్టే కదా.

బాగా ఆలోచించాను. గడియారం పోయినందుకు ఆవిడ నన్ను అనుమానించలేదు. చాకు చూసినందుకు అనుమానించింది. బామ్మర్ది చేతిలో సుత్తి ఉంది. దాన్ని చూసి ఎవరైనా అరిచారా? కాబట్టి తప్పు చాకుది. చిన్నది కొనాలి.

జూన్ 4, మంగళవారం

టీచరమ్మ ఉండే అపార్ట్‌మెంటు సెక్రటరీ ఫోన్ చేశాడు. అదే భవనంలో ఇంకో రెండు ఇళ్ళ పని ఒప్పుకుని ఉన్నాం. కొన్నాళ్ళు ఆగుదాం అన్నాడు.

"ఎందుకని?"

"మావాళ్ళు కొంచెం కంగారు పడుతున్నారండీ. చాకు పట్టుకుని తిరిగే మనిషి అంటున్నారు."

"చాకు లేకుండా కర్టెన్ల పని ఎట్లా అవుతుందండీ? పళ్ళతో కొరకమంటారా?"

"చూశారా, ఇదే" అని పెట్టేశాడు.

ఇదే అంటే ఏది?

అన్నం దగ్గర మా ఆవిడ, "పోనీ చిన్న చాకు ఒకటి కొనుక్కోకూడదూ?" అంది. ఆ ఆలోచన నాకు నిన్ననే వచ్చింది. ఇక్కడే రాశాను. ఈవిడకెలా తెలిసింది? డైరీ దిండు కింద పెట్టాను. ఇకనుంచి పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేస్తాను.

జూన్ 6, గురువారం

చాకుల షాపుకి వెళ్ళాను. పొడుగాటి గాజు పెట్టె, లోపల లైట్లు, నగలు పెట్టినట్టు పెట్టారు. ఒకటి నల్లగా, వీపు మీద రంపపు పళ్ళతో ఉంది. అది చూసి నాకే ఒళ్ళు జలదరించింది. ఇంకోటి మీట నొక్కితే టప్పున తెరుచుకుంటుంది. ఆ చప్పుడుకే టీచరమ్మ ప్రాణం పోతుంది.

కళ్ళద్దాల ముసలాయన ఒకడు కూర్చున్నాడు.

"దేనికి బాబూ?"

"పనికి."

"ఏం పని?"

"పని అంటే పనే. చిన్నది కావాలి. నా చేతిలో చూస్తే ఎవరికీ భయం వేయకూడదు."

ఆయన కళ్ళద్దాలు కిందికి జార్చి చూశాడు. "ఎవరికి?"

"ఎవరికైనా. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఉంటారు. వాళ్ళు బెదిరిపోకుండా ఉండాలి."

గాజు పెట్టె తాళంచెవి తీసి ఆయన జేబులో వేసుకున్నాడు. ఎందుకలా చేస్తున్నావని అడిగాను. నేను ఎవరో, ఏం పని చేస్తానో, ఎన్ని ఇళ్ళలో చేశానో వివరంగా చెప్పాను. షాపులో ఉన్న మిగతా ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళ పని అయిపోయి ఉంటుంది.

ఉత్త చేతులతో వచ్చాను. బామ్మర్ది అన్నాడు: "నేను తెస్తాలే బావా. నువ్వెళ్తే…"

"నేనెళ్తే?"

"ఏం లేదు. నీకెందుకు శ్రమ అని."

ముందు అనబోయింది అది కాదు.

జూన్ 7, శుక్రవారం

బామ్మర్ది కొత్త బూట్లు కొన్నాడు. నల్లవి, తోలువి. నిచ్చెనలెక్కేవాడికి తోలు బూట్లెందుకు?

జూన్ 9, ఆదివారం

కొన్నాను. చాకుల షాపులో కాదు, వంటసామాన్ల షాపులో. గరిటెల పక్కన వేలాడుతోంది. కౌంటరులో ఉన్న అమ్మాయి ఫోను చూసుకుంటూ అట్ట మీద ధర చదివి బిల్లు కొట్టింది. నా మొహం చూడనే లేదు. అందుకే ఏ గొడవా లేకుండా అయిపోయింది.

మడత చాకు. బ్లేడు నా చిటికెన వేలంత. పిడి మీగడ రంగు, ప్లాస్టిక్. మొన గుండ్రం. మీట లేదు, చప్పుడు లేదు. గోరు పెట్టి లాగితే గానీ తెరుచుకోదు, తెరిచాక గట్టిగా నిలబడుతుంది, వేలి మీద మూసుకోదు. రెండు చేతులూ కావాలి కాబట్టి తీరిగ్గా తెరవాల్సిందే. తీరిగ్గా చాకు తెరిచేవాణ్ణి చూసి ఎవరు భయపడతారు? జేబులో పెడితే ఉన్నట్టే తెలియదు. కట్ట తాడు, ప్లాస్టిక్ సంచి, దారం, దోమల మెష్ అంచు అన్నీ కోసి చూశాను. పిట్ట కొంచెం కూత ఘనం.

అద్దం ముందు నిలబడి తెరవడం అభ్యాసం చేశాను. మొదట మామూలు మొహంతో. తర్వాత నవ్వుతూ. నవ్వు లేకుండానే నయం.

పాపకు చూపించాను. ఎనిమిదో తరగతి, అన్నిటికీ ప్రశ్నలు వేసే వయసు. "భయంగా ఉందా?" అన్నాను.

"లేదు నాన్నా."

"నిజం చెప్పు."

"నిజంగా లేదు నాన్నా. బాగుంది."

మా ఆవిడను అడిగాను. "బాగుందండీ." బామ్మర్దిని అడిగాను. "బాగుంది బావా." ముగ్గురిదీ ఒకటే మాట, ఒకటే గొంతు. ముందే అనుకున్నట్టు.

జూన్ 12, బుధవారం

కొత్త చాకుతో మొదటి పని. పసిపిల్ల ఉన్న ఇల్లు, పడకగదికి దోమల మెష్. పిల్ల తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు. చాకు తీశాను, తెరిచాను, మెష్ కోశాను. అటు కన్నెత్తి కూడా చూడలేదు! నా లెక్క తప్పలేదు.

తర్వాత స్విచ్‌బోర్డు ఎక్కడని అడిగితే మాత్రం ఉలిక్కిపడ్డాడు. "కొంచెం మెల్లగా అండీ, పాప లేస్తుంది" అన్నాడు. నేను మామూలుగానే అడిగాను. ఈ మధ్య జనానికి నరాలు బలహీనం.

అసలు సంగతి వేరే. స్క్రూలు తెమ్మని బామ్మర్దిని కిందికి పంపాను. ఎంతకీ రాకపోతే నేనే దిగాను. మెట్ల దగ్గర ఫోనులో గుసగుస. నన్ను చూసి కట్ చేశాడు. ఫోను జేబులో పెట్టేలోపు తెర మీద పేరు చదివాను. టీచరమ్మ.

"ఎవరు?"

"రాంగ్ నంబరు బావా."

రాంగ్ నంబరువాళ్ళతో అంతసేపు ఏం మాట్లాడతారు? పైగా పేరు పెట్టి దాచుకున్న నంబరు.

గడియారం పోయింది. వాడికి కొత్త బూట్లొచ్చాయి. ఆవిడ వాడికి రహస్యంగా ఫోన్ చేస్తోంది. ఇస్తావా, పోలీసులకి చెప్పమంటావా అని నిలదీస్తోందేమో. అనుమానం మాత్రం నా మీద! వాడి మొహం చూస్తే నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

నేనెవరినీ ఊరికే అనుమానించే రకం కాదు. చూసింది రాస్తున్నాను, అంతే.

జూన్ 13, గురువారం

వాడు స్నానానికి వెళ్ళినప్పుడు సంచి చూశాను. టేపు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి. గడియారం లేదు.

లేదంటే ఇంకెక్కడో దాచాడన్నమాట.

సంచి మూస్తుంటే గుమ్మంలో పాప నిలబడి ఉంది. ఏమీ అడగలేదు. వెళ్ళిపోయింది. ఇంతకుముందు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అనేది. అది కూడా అటు చేరింది.

జూన్ 15, శనివారం

ఇంట్లో చిన్న మాట వచ్చింది. చెంబు జారి పడింది. గోడకి సొట్ట పడింది.

జూన్ 17, సోమవారం

ఆదివారం రాయలేదు. ఇవాళ మనసు నిలకడగా ఉంది.

శనివారం అన్నాల దగ్గర అందరి ముందే అడిగాను, చాటుమాటు వ్యవహారం నాకు చేతకాదు. "ఆ గడియారం ఎక్కడ పెట్టావురా?"

వాడు కంచంలోంచి తలెత్తలేదు. తియ్యనివాడైతే తియ్యలేదని అనాలి కదా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలైనా తడుముకోవాలి కదా? కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"నిన్నేరా!"

మా ఆవిడ లేచి మా ఇద్దరి మధ్యకి వచ్చింది. "వాడు తీయలేదండీ."

"నీకెలా తెలుసు?"

తమ్ముడి వైపు చూసింది.

"ఎలా తెలుసు నీకు? చూశావా?"

వాడు అప్పుడు, "వదిలెయ్ అక్కా" అన్నాడు. వదిలెయ్ అంటే? ఇద్దరికీ ఏదో తెలుసు. నాకు తెలియకూడనిది. నా ఇంట్లో, నా అన్నం తింటూ. అప్పుడే చెంబు. ఎవరి మీదా వేయలేదు, గోడ మీదికే పోయింది. తర్వాత వాడు గదిలోకి వెళ్ళి లోపల గొళ్ళెం పెట్టుకున్నాడు. తీయమన్నాను. తీయలేదు. పాతకాలం గొళ్ళెం, గట్టిగా తడితే ఊడి వచ్చింది. ఊడాక నేను లోపలికి కూడా వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి చూసి వచ్చేశాను.

బీపీ మాత్ర వేసుకున్నాను.

మనిషిని కొట్టడం నా ఒంట్లో లేదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

జూన్ 18, మంగళవారం

మధ్యాహ్నం సెలవడిగాడు. పన్ను నొప్పట. సరే అన్నాను. ఇస్త్రీ చొక్కా, తోలు బూట్లు వేసుకుని పంటి డాక్టరు దగ్గరికి వెళ్తారా ఎవరైనా?

వెనకే వెళ్ళాను. వాడు బస్సులో, నేను స్కూటరు మీద. నాలాంటివాడు కరెంటు స్తంభం వెనకాల దాక్కుంటే, స్తంభమే నా వెనకాల దాక్కున్నట్టుంటుంది. అయినా వాడు చూడలేదు.

మొదట పెద్ద బజారులో దిగాడు. అద్దాల కర్టెన్ల షోరూము ఉందే, మన బేరాలన్నీ లాక్కునేవాళ్ళు, అందులోకి వెళ్ళాడు. బయటనుంచి అంతా కనబడుతోంది. ఓనరు లేచి చెయ్యి కలిపాడు. కూర్చోబెట్టాడు. వాడు ఏదో చెబుతూ చేతులతో కొలతలు చూపిస్తున్నాడు. ఇళ్ళల్లో ఆడవాళ్ళతో తియ్యగా మాట్లాడతాడని తెలుసు గానీ, అంత మాటకారి అని నాకు తెలియదు. నా దగ్గర నాలుగు మాటలు వరసగా ఎప్పుడు మాట్లాడాడు?

అక్కణ్ణుంచి ఇంకో బస్సు. దిగింది ఎక్కడ? టీచరమ్మ అపార్ట్‌మెంటు దగ్గర! వాచ్‌మన్ సంచి అడగలేదు, సలాం కొట్టి లోపలికి పంపాడు. అరగంటకు పైనే ఉన్నాడు. వచ్చేటప్పుడు చేతిలో అట్టపెట్టె.

సాయంత్రం ఇంటికొచ్చి, "పన్ను పీకారా?" అన్నాను.

"మందిచ్చారు బావా."

అబద్ధం ఎంత నున్నగా ఆడతాడో.

జూన్ 20, గురువారం

ఇవాళ టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ముందే ఫోన్ చేస్తే బామ్మర్దికి చెప్పేస్తుందని చేయలేదు. వాచ్‌మన్ సంచి చూస్తానన్నాడు. సంచి తేలేదన్నాను. జేబులు చూడటం వాడికి తట్టలేదు.

బెల్లు కొట్టాను. తలుపు కొంచెం తెరుచుకుంది. లోపల గొలుసు వేసే ఉంది. ఆ సందులోంచి సగం మొహం, ఒక చెయ్యి. ఆ చేతికి మగవాళ్ళ గడియారం, వదులుగా జారిపోతూ.

నేను చాలా మెల్లగా మాట్లాడాను. ఇంత మెల్లగా నా జన్మలో ఎవరితోనూ మాట్లాడలేదు. "అమ్మా, గడియారం దొరికిందా?"

"దొరికింది బాబూ. సోఫా వెనక పడిపోయింది. మర్నాడే దొరికింది."

"మర్నాడే?"

"ఆ రోజే మీ బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పాను. అనవసరంగా మిమ్మల్ని బాధపెట్టాను, మీ బావగారికి కూడా చెప్పు బాబూ అన్నాను. చెప్పలేదా?"

"మరి మొన్న వాడెందుకొచ్చాడు?"

"రాడ్డు ఒకటి వదులైతే పిలిచాను. ఊరికే చేసి పెట్టాడు, పాత పుస్తకాలు ఇచ్చి పంపాను. మీ పాప చదువుకుంటుందని."

"పని నాదమ్మా. వదులైతే నన్ను పిలవాలి."

ఆవిడ గొలుసు వైపు చూసింది. "మీరేమీ అనుకోకండి. మీతో ఫోనులో మాట్లాడాలంటే నాకు… మంచినీళ్ళు ఇవ్వనా?" అంది. గ్లాసు ఆ సందులో పట్టదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

నాకు ఒకటే అనిపించింది. ఈవిడ ఇంకా ఆ పాత చాకునే తలుచుకుంటోంది. కొత్తది చూస్తే తేలికపడుతుంది. "ఇదిగోండమ్మా, మీరు భయపడ్డారని చిన్నది కొన్నాను" అని జేబులోంచి తీశాను. ఎంత చిన్నదో తెలియాలని తెరిచి, సందు దగ్గర పెట్టి చూపించాను.

తలుపు మొహం మీదే పడింది. లోపల ఒక గడియ, ఇంకో గడియ.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా చేతిలో తెరిచిన చాకు. ఎదురింటి తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. వాచ్‌మన్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. వాడికీ చెబుదామనుకున్నాను, ఇది ఎవరూ భయపడని చాకు అని. మడిచి జేబులో వేసుకుని దిగాను.

దారిపొడుగునా ఒకటే ప్రశ్న. పదిహేను రోజులుగా వాడికి తెలుసు. మా ఆవిడకీ తెలుసు. నన్నెందుకు గుడ్డివాణ్ణి చేశారు? నా వెనక ఏం నడిపిస్తున్నారు?

జూన్ 22, శనివారం

పని మధ్యలో అడిగాను. ఖాళీ ఇల్లు, ఇంకా ఎవరూ దిగలేదు. వాడు నిచ్చెన కింద పట్టుకుని ఉన్నాడు, నేను పైన.

"గడియారం దొరికిందని నీకెప్పుడు తెలుసు?"

నిచ్చెన కొంచెం కదిలింది. "మర్నాడు."

"అక్కకి?"

"ఆ రోజే చెప్పాను."

"మరి నాకు?"

"చెబుదామనే అనుకున్నాం బావా. నువ్వప్పుడు సెక్రటరీ ఫోను మీద మండిపడుతున్నావు. మంచి టైము చూసి చెబుదాం అంది అక్క. ఇదిగో ఇవాళ, ఇదిగో రేపు అనుకున్నాం. ఈలోగా నువ్వు నా సంచి వెతికావు. పాప చెప్పింది. ఇక ఎలా చెప్పను? చెబితే నువ్వు పొరపడ్డావని మొహం మీద అన్నట్టే కదా."

"అయితే? అంటే ఏమవుతుంది?"

"ఏమో బావా." నిచ్చెన రెండు చేతులతో సరిగ్గా పట్టుకున్నాడు. "నువ్వు పొరపడ్డావని నీతో చెప్పడం కన్నా, దొంగ అనిపించుకోవడమే నయమనిపించింది."

వాడు కోపంగా అనలేదు. ఏ స్క్రూ ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పాడు.

"ఒకటో తారీకు నుంచి షోరూములో చేరుతున్నాను. వాళ్ళు గది కూడా ఇస్తామన్నారు. ఇది కూడా చెప్పాలనే అనుకుంటున్నాను ఎన్నాళ్ళ నుంచో."

డ్రిల్లు ఆన్ చేశాను. గుర్తు పెట్టిన చోట కాక ఇంకెక్కడో కన్నం పడింది. వాడు కింద నుంచి చూశాడు. తప్పు చోట పడిందని అనలేదు. కిందికి దిగాక నేనే పూడ్చాను.

జూన్ 23, ఆదివారం

పాప పక్కింటికి వెళ్ళింది. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతోంది. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మామూలుగా అయితే ఏం కావాలండీ అంటుంది. ఇవాళ తోముతూనే ఉంది.

"వాడు చెప్పాడు" అన్నాను.

"నాకూ చెప్పాడు, మీకు చెప్పానని."

"నేనంటే అంత భయమా మీకు?"

గిన్నె కడిగి బోర్లించింది. ఇంకోటి తీసుకుంది. "భయం అని ఎప్పుడూ అనుకోలేదండీ. ఎండాకాలం గొడుగు పెట్టుకుని వెళ్ళమూ? అట్లా అలవాటైంది. మీ స్కూటరు చప్పుడు వినబడితే పాప చెప్పులు వరసగా సర్దుతుంది. తమ్ముడు ఫోను లోపల పెడతాడు. నేను మీ మొహం చూసి ఆ రోజు ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో అనుకుంటాను. మీరు చెడ్డవారని కాదు."

"ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నానా?"

"లేదు."

"మరి?"

"గోడకి సొట్ట పడినప్పుడు నేను దాని పక్కనే ఉన్నానండీ."

నాకు అరవాలనిపించింది. అది అబద్ధమని, చెంబు ఆమెకు దూరంగా వేశానని, అయినా జారిందని. వచ్చి ఇక్కడ కూర్చున్నాను. రాద్దామంటే పెన్ను కాగితాన్ని చింపింది. చిరిగిన ఆ పేజీ దీనికి ముందుంది. తీసేయలేదు.

వేశానని రాశాను. పైన జారిందని ఉంది.

జూన్ 25, మంగళవారం

గొళ్ళెం కొత్తది బిగించాను. లోపల వైపు. గట్టిది.

చాకు బాగానే పని చేస్తోంది. ఎవరూ దాన్ని చూసి బెదరడం లేదు.

జూన్ 28, శుక్రవారం

బామ్మర్ది సామాను సర్దుకున్నాడు. ఒక సంచి, ఒక పెట్టె. స్కూటరు మీద దింపుతానన్నాను. "వద్దు బావా, బస్సులో వెళ్తాను" అన్నాడు. అని, నా మొహం చూసి, "సరే, దింపు" అన్నాడు.

షోరూమువాళ్ళిచ్చిన గది దగ్గర దిగాక నేను అనాల్సిన మాట ఒకటి ఉంది. సంచి వెతికినందుకు. దొంగ అన్నందుకు. ఇంటి దగ్గర్నుంచి లోపల చెప్పుకుంటూనే వచ్చాను. తీరా వాడు ఎదురుగా నిలబడితే, "జాగ్రత్తగా పని చెయ్. నిచ్చెన చూసుకుని ఎక్కు" అన్నాను.

"సరే బావా."

వాడు మెట్లెక్కాక ఒక్కసారి వెనక్కి చూశాడు. నేను ఇంకా ఉన్నానా, వెళ్ళానా అని. ఎందుకు చూశాడో నాకిప్పుడు తెలుసు. చెయ్యి ఊపాను. వాడూ ఊపాడు.

జూన్ 30, ఆదివారం

స్కూటరు సర్వీసుకిచ్చి నడిచి వచ్చాను. అందుకే నేను వస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు.

తలుపు దాకా వచ్చేసరికి లోపల నవ్వులు. టీవీలో ఏదో హాస్యం వస్తోంది. పాప ఎవరినో అనుకరిస్తూ ముక్కుతో మాట్లాడుతోంది. వాళ్ళ సైన్సు మాస్టరు కాబోలు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక, "చాల్లే, కడుపు నొప్పే, ఆపవే" అంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నవ్వు వినలేదని కాదు. ఎప్పుడో, పాప పుట్టకముందు విన్నాను.

మొదట నా గురించే నవ్వుతున్నారేమో అనిపించింది. చెవి పెట్టి విన్నాను. నా గురించి కాదు.

తాళంచెవి జేబులోనే ఉంది. తీయలేదు. మెట్ల మీద కూర్చున్నాను. పక్కింటాయన కూరల సంచితో పైకి వెళ్తూ, "ఏమండీ, తాళంచెవి మర్చిపోయారా?" అన్నాడు.

"లేదండీ, ఉంది."

ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు. అనుమానం వచ్చి ఉంటుంది. రానీ.

చాలాసేపటికి పాప చెత్తబుట్ట తీసుకుని తలుపు తెరిచింది. మొహంలో నవ్వు ఇంకా ఉంది. నన్ను చూసింది. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఎప్పుడొచ్చారు నాన్నా?"

"ఇప్పుడే."

బుట్ట నేను తీసుకున్నాను. కింద చెత్త పడేసి వచ్చేసరికి చెప్పులు వరసగా ఉన్నాయి. మా ఆవిడ లేచి నిలబడి ఉంది. పాప చెయ్యి టీవీ రిమోట్ మీద.

"ఉండనీ. చూడండి" అన్నాను.

మెల్లగా అందామనే అనుకున్నాను. నా గొంతులోంచి ఎప్పటిలాగే వచ్చింది.

ఇద్దరూ కూర్చున్నారు. నేను చూడమన్నాను కాబట్టి చివరిదాకా చూశారు. మధ్యలో నవ్వొచ్చే మాటలు చాలానే వచ్చాయి. ఎవరూ నవ్వలేదు.